సముద్రం పాలయ్యే నీళ్లలో కరెంటెంత?

ఫిల్మ్‌నగర్‌లో వాన సీను తియ్యాలంటే నీళ్ల ట్యాంకరు ఒకటి, జెనరేటర్ వ్యాను ఒకటి ఉండి తీరాలి. ట్యాంకర్లోని నీళ్లను మోటారు పైకి తోస్తుంది. క్రేనుకు కట్టిన చిల్లుల పైపుల్లోంచి వాన కురుస్తుంది. ఆ చినుకులు కెమెరాకు కనపడాలంటే వెనకనుంచి పెద్ద లైటు కొట్టాలి. ఆ లైటుకు తిండి పెట్టేది డీజిల్. జూబ్లీహిల్స్ వెనక సందులో ఒక రాత్రి ఇలాంటి షూటింగు చూస్తూ నిలబడ్డాను. లైట్‌మన్ కుర్రాడొకడు తడవకుండా నా పక్కకు వచ్చి నిలబడి మాట కలిపాడు.

"సార్, నీళ్లు దూరితే చాలు, కరెంటు పుట్టే పొర ఏదో కనిపెట్టారంట గదా? మా తమ్ముడు ఫోన్లో చూపించాడు. ఇన్ని నీళ్లు ఊరికే పారిపోతున్నాయి ఇక్కడ. ఆ పొర పెడితే ఈ డీజిల్ బండి గోల ఉండదు గదా?"

ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. ట్యాంకర్లో 5,000 లీటర్లు, క్రేను ఎత్తు 10 మీటర్లు అనుకుందాం. ఆ నీళ్లన్నీ కింద పడితే విడుదలయ్యే మొత్తం శక్తి యూనిట్‌లో ఏడో వంతు కూడా ఉండదు. 18 కిలోవాట్ల షూటింగు లైటుకు అది మొత్తం అందినా 27 సెకన్లు వెలుగుతుంది. నానో పొరల ద్వారా ప్రయోగశాలలో నిజంగా కొలిచిన సామర్థ్యం 3 శాతం దాకా వచ్చింది. ఆ లెక్కన లైటు ఒక్క సెకను కూడా వెలగదు. క్లాప్ కొట్టేలోపే ఆరిపోతుంది.

కుర్రాడి ప్రశ్న అక్కడితో తేలిపోయిందని అనుకుంటే పొరపాటు. అతను విన్నది అబద్ధం కాదు. ఆ పొర ఎలాంటి నీళ్లతో పని చెయ్యాలన్నదే తిరకాసు.

పొర సంగతి వంటింట్లోనే మొదలుపెడదాం. జూబ్లీహిల్స్‌లో ఆర్వో యంత్రం లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. అందులోని సన్నటి పాలీఅమైడ్ పొరకు నీళ్లు తగలగానే దాని ఒంటిమీద రుణావేశం పేరుకుంటుంది. గాజుకైనా, కాల్చిన మట్టికైనా ఇదే గుణం. నీళ్లలో కరిగిన సోడియం, కాల్షియం లాంటి ధనావేశపు అయాన్లు ఆ గోడ చుట్టూ మబ్బులా మూగుతాయి. ఇప్పుడు నీళ్లను ఒత్తిడితో తోస్తే గోడ కదలదు, మబ్బు మాత్రం నీళ్ల వెంట కొట్టుకుపోతుంది. అవతలి కొసన ధనావేశం పోగవుతుంది, ఇవతల రుణావేశం మిగులుతుంది. రెండు కొసలకూ తీగ కలిపితే కరెంటు. తిప్పే చక్రం లేదు, అయస్కాంతం లేదు, చప్పుడూ లేదు. కొత్త పొరల ఒంటిమీద ఆవేశం ఎంతుందో ప్రయోగశాలల్లో కొలిచేది కూడా ఇదే కిటుకుతో. మన వంటింటి ఆర్వోలోనూ నీళ్లు దూరినప్పుడల్లా ఈ తంతు జరుగుతూనే ఉంటుంది. అయితే దాని పంపు తినే కరెంటు ముందు అది ఏనుగు నోట్లో ఆవగింజ.

రంధ్రం నానో సైజులోనే ఎందుకుండాలి? అయాన్ల మబ్బు గోడనుంచి కొద్ది దూరమే వ్యాపిస్తుంది. ఉప్పు తక్కువున్న మంచినీళ్లలో అయితే నాలుగైదు నానోమీటర్లు. రంధ్రం అంతకంటే బాగా వెడల్పయితే మధ్యలో నీళ్లు ఉత్త చేతులతో పోతాయి. రంధ్రాన్ని సన్నం చేస్తే ప్రతి చుక్కా ఆవేశం మోస్తుంది గాని, ఆ సన్నదారిలోంచి నీళ్లను తోయడానికి ఒత్తిడి కావాలి. ఒత్తిడికి పంపు కావాలి, పంపుకు కరెంటు కావాలి. నూటయాభై ఏళ్లుగా ఈ పద్ధతిని వెనక్కి లాగుతున్న పీటముడి ఇదే. మన జూబ్లీహిల్స్ గుట్టల మీది బోరు నీళ్లతో ఇంకో చిక్కు. లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల లవణాలుంటే ఆ మబ్బు రెండు నానోమీటర్లకు కుంచించుకుపోతుంది. పొర మీద తెల్లటి పెచ్చు కట్టడం దీనికి అదనం. ఆర్వో బాగుచేసే అబ్బాయి పాత పొర విప్పి చూపించినప్పుడు అది సున్నం పూసిన అప్పడంలా ఉంది.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసింది కాదు. 1859లో జర్మన్ శాస్త్రవేత్త గేఓర్గ్ క్వింకె మట్టి పలక గుండా నీళ్లు తోసి వోల్టేజి పుట్టడం గమనించాడు. అంతకు యాభై ఏళ్ల ముందే మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త దీన్నే తిరగేసి చూశాడు. మట్టికి కరెంటు పెడితే నీళ్లు కదిలాయి. 1879లో హెల్మ్‌హోల్ట్జ్ దీని సిద్ధాంతం రాశాడు. తర్వాత చాలా కాలం ఇది పాఠ్యపుస్తకాల్లో ఓ మూల పడి ఉంది. 2003లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు గాజు వడపోత బిళ్ల గుండా 30 సెంటీమీటర్ల ఎత్తునుంచి నీళ్లు వదిలి ఒకటి రెండు మైక్రో ఆంపియర్లు రాబట్టారు. పత్రికలు దానికి 'నీటి బ్యాటరీ' అని పేరుపెట్టి ఊరేగించాయి. మైక్రో ఆంపియరంటే ఆంపియర్‌లో పది లక్షల్లో ఒక వంతు. ఆ మాట పత్రికల్లో ఏ మూలనో ఉండి ఉంటుంది.

అదే ఏడాది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అజయ్ సూద్, శంకర్ ఘోష్ బృందం కార్బన్ నానోగొట్టాల మీదుగా ద్రవం పారించి మిల్లీవోల్టుల్లో వోల్టేజి చూపించింది. 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ పనికి ప్రపంచమంతా పేరు వచ్చింది. అది ప్రవాహపు వేగాన్ని పసిగట్టే సెన్సరు. దాన్నుంచి కరెంటు కొట్టుకొస్తామని వాళ్లు అనలేదు. ఆ తేడా తర్వాతివాళ్లకు గుర్తుండలేదు. 2011లో అమెరికాలో ఒక బృందం గ్రాఫీన్ మీద నీళ్లు పారించి కరెంటు తీశామని వ్యాసం రాసింది. మరుసటి ఏడాది చైనా బృందం అదే పత్రికలో అదే శీర్షికతో ఇంకో వ్యాసం వేసింది. తేడా ఒక్కటే, చివర ప్రశ్నార్థకం చేర్చారు. ఆ వోల్టేజి గ్రాఫీన్‌ది కాదని, నీళ్లు తగిలిన లోహపు ఎలక్ట్రోడ్లదని వాళ్లు చూపించారు. ఈ రంగంలో నేను చదివిన శీర్షికల్లో నాకు బాగా నచ్చింది ఆ ప్రశ్నార్థకమే.

సామర్థ్యం మాటకొస్తే నమ్మదగ్గ కొలతలు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో డెకర్ బృందం చేసినవి. ఒక్క నానో కాలువలో నీళ్లు తోసి, పెట్టిన శక్తిలో 3 శాతం కరెంటుగా వెనక్కి వచ్చిందని 2007 ప్రాంతంలో రాశారు. సిద్ధాంతం ప్రకారం 12 శాతం రావాలని వాళ్ల లెక్క. గోడలు జారుడుగా ఉంటే 40 శాతం దాకా పోవచ్చని ఆ మరుసటి ఏడాది ఇంకో లెక్క. లెక్కలు కాగితం మీద బాగానే ఉన్నాయి. అయితే శ్రీశైలం, సాగర్ లాంటి చోట్ల టర్బైన్లు నీటి శక్తిలో 90 శాతం దాకా కరెంటు చేసి ఇస్తున్నాయి. ఎత్తునుంచి దూకే నీళ్లకు ఇనుప చక్రం ఉండగా నానో పొరతో పని లేదు. పైపులో మిగులు ఒత్తిడి ఉన్నా అంతే. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరం మంచినీటి పైపులోనే నాలుగు టర్బైన్లు బిగించి 2015లో 200 కిలోవాట్ల సామర్థ్యంతో కరెంటు తీయడం మొదలుపెట్టింది. అది పాతకాలపు పద్ధతే, పని మాత్రం చేసింది.

వాన చినుకుల మీద పనిచేసేవాళ్లు వేరే దారి పట్టారు. 2020లో హాంకాంగ్ బృందం 15 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడిన ఒక్క చుక్కతో 140 వోల్టులు పుట్టించి వంద చిన్న ఎల్ఈడీలు మెరిపించింది. మెరిశాయి, అంతే. 2025లో సింగపూర్ వాళ్లు రెండు మిల్లీమీటర్ల గొట్టంలో నీటి ముక్కకూ ముక్కకూ మధ్య గాలి ఉండేలా వదిలి, శక్తిలో పది శాతానికి పైగా రాబట్టారు. 12 ఎల్ఈడీలు 20 సెకన్లు వెలిగాయి. వాళ్ల దారి చూడండి. నానో రంధ్రాల్లోకి నీళ్లు తోయడానికే శక్తి సరిపోతుందని తెలిసి వాటిని పక్కన పెట్టి, నీళ్లు తమంతట తాము జారే గొట్టం పట్టుకున్నారు. ఒత్తిడి నీళ్లకు నానో పొర నప్పదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను.

ఇక అసలు కథ ఉప్పులో ఉంది.

తెలుగు రాజకీయాల్లో పార్టీలు ఎన్ని మారినా మారని మాట ఒకటుంది, 'ఏటా ఇన్ని టీఎంసీలు సముద్రం పాలవుతున్నాయి' అని. సాగునీటి కోణంలో ఆ మాట ఎంత నిజమో వేరే చర్చ. భౌతికశాస్త్రం కోణంలో మాత్రం అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి ఉప్పునీళ్లలో కలిసే క్షణంలో కంటికి కనపడని శక్తి ఒకటి నిజంగానే వృథా అవుతోంది. వెయ్యి లీటర్ల నదినీరు సముద్రంలో కలిస్తే సిద్ధాంతపరంగా సుమారు 0.7 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. అది నీటిని 250 మీటర్ల ఎత్తునుంచి దూకించినదానితో సమానం. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పేర్చి అంతర్వేది ఇసుకలో కనపడకుండా పూడ్చినట్టు అనుకోండి. ఒక్క టీఎంసీకి ఈ లెక్కన దాదాపు 2 కోట్ల యూనిట్లు.

ఇదే వెయ్యి లీటర్లు జూబ్లీహిల్స్ ఎక్కాలంటే ఎంత కావాలో చూడండి. సాగర్ నిండు మట్టం సముద్రమట్టానికి 180 మీటర్ల ఎత్తులో ఉంది, హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర. ఈ గుట్టలు ఇంకా పైన. మెట్లు మెట్లుగా పంపులు పెట్టి కృష్ణ నీళ్లను 400 మీటర్లకు అటూ ఇటూగా ఎత్తితే గాని మన కుళాయికి చేరవు. నష్టాలేమీ లేవనుకున్నా వెయ్యి లీటర్లకు ఒక యూనిట్. రోడ్ నంబర్ 36లో కారు కడిగిన నీళ్లకు కూడా ఆ ఖర్చు పడింది.

ఉప్పు తేడానుంచి కరెంటు తీసే పొరలో పంపుతో తోయాల్సిన పని తక్కువ. ఒక పక్క ఉప్పునీళ్లు, ఇంకో పక్క మంచినీళ్లు. రుణావేశమున్న రంధ్రం సోడియాన్ని రానిస్తుంది, క్లోరైడ్‌ను గుమ్మంలోనే ఆపేస్తుంది. ధనావేశం ఒకవైపే నడిస్తే అదే కరెంటు. 1954లో ప్యాటిల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దీన్ని చేసి చూపించాడు. పొర గుండా అయాన్ల బదులు నీళ్లనే పోనిచ్చి, ఆ ఒత్తిడితో టర్బైను తిప్పే ఇంకో పద్ధతిని 1970లలో ప్రతిపాదించినవాడు సిడ్నీ లోబ్. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్‌తో కలిసి మొట్టమొదటి పనికొచ్చే ఆర్వో పొర చేసిందీ ఈ లోబే. ఉప్పు తీయడానికి కరెంటు ఖర్చయితే ఉప్పు కలిపేటప్పుడు అది తిరిగి రావాలి గదా అని ఆయన తర్కం.

నానో యుగంలో అంకెలు ఆకాశాన్నంటాయి. 2013లో ఫ్రాన్స్‌లో ఒక బోరాన్ నైట్రైడ్ నానోగొట్టం, 2016లో స్విట్జర్లండ్‌లో మూడు పరమాణువుల మందమున్న మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరలో ఒక్క రంధ్రం. మొదటిదానికి చదరపు మీటరుకు వేల వాట్లు, రెండోదానికి పది లక్షల వాట్లు అన్నారు. లైట్‌మన్ తమ్ముడి ఫోన్లో వచ్చినవి ఇలాంటి అంకెలే అయి ఉంటాయి. ఇక్కడ జరిగింది ఫిల్మ్‌నగర్‌లో అందరికీ అర్థమవుతుంది. ఒక థియేటర్లో ఉదయం ఆట హౌస్‌ఫుల్ అయితే, దాన్ని రెండు రాష్ట్రాల్లోని అన్ని థియేటర్లతో, అన్ని ఆటలతో గుణించి కలెక్షన్ పోస్టర్ వేసినట్టు. ఆ ఒక్క రంధ్రం చేసిన కరెంటు అతి స్వల్పం. రంధ్రాలు పక్కపక్కనే కిక్కిరిస్తే ఒకదాని గుమ్మంలోని ఉప్పును ఇంకోటి లాక్కుంటుంది. మంచినీళ్ల పక్క ఉప్పు పేరుకుని తేడా చచ్చిపోతుంది. గుణకారం అక్కడే చెడుతుంది. పెద్ద పొరలతో, నిజం నదినీళ్లతో చదరపు మీటరుకు ఒకటి రెండు వాట్లు నిలబడి వస్తే గొప్పే.

నార్వేలో స్టాట్‌క్రాఫ్ట్ సంస్థ 2009లో టోఫ్టె దగ్గర లోబ్ పద్ధతిలో తొలి నమూనా కేంద్రం తెరిచింది. యువరాణి వచ్చి ప్రారంభించింది. చదరపు మీటరుకు 5 వాట్లు వస్తే గిట్టుబాటు అని వాళ్ల లక్ష్యం. పొరలు అందులో సగం కూడా అందుకోలేదు. కేంద్రం మొత్తం ఇచ్చింది 2 నుంచి 4 కిలోవాట్లు, అంటే మన ఇళ్లలో ఒకటి రెండు గీజర్లు నడిచేంత. 2013 చివర్లో పని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. నెదర్లాండ్స్‌లో ఆఫ్‌స్లయిట్‌డైక్ కట్ట మీద 2014లో అయాన్ పొరల కేంద్రం మొదలైంది, అదీ నమూనాగానే. ఫ్రాన్స్‌లో రోన్ నది ముఖద్వారంలో ఒక కంపెనీ కొత్త పొరలతో తంటాలు పడుతోంది. వీటన్నిటిలో నన్ను ఆకట్టుకున్నది జపాన్‌లోని ఫుకువోకా. అక్కడ 2025 ఆగస్టులో మొదలైన కేంద్రం ఏటా 8.8 లక్షల యూనిట్లు ఇస్తుందని అంచనా. సగటున 100 కిలోవాట్లు. చిన్నదే. కానీ వాళ్లు నదిని ముట్టుకోలేదు. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు నుంచి వచ్చే చిక్కటి ఉప్పునీరు ఒక పక్క, శుద్ధిచేసిన మురుగునీరు ఇంకో పక్క. రెండూ ఎలాగూ పారబోసేవే, రెండూ ముందే వడపోసినవే, ఉప్పు తేడా కూడా మామూలు సముద్రం కంటే ఎక్కువ.

ఇప్పుడు అంతర్వేదికి తిరిగొద్దాం. గోదావరి నీళ్లు సముద్రంలోకి పోయేది ముఖ్యంగా జూలై నుంచి అక్టోబరు దాకా. అప్పుడు నది ఎర్రగా, బురదతో వస్తుంది. రాజమండ్రి వాళ్లను అడిగితే వరద నీళ్లు బిందెలో తేరుకోవడానికి ఎంతసేపు పడుతుందో చెబుతారు. ఆ నీళ్లను నానో రంధ్రాల్లోకి పంపాలంటే ముందు ఎన్నో రకాలుగా వడపోయాలి, వచ్చే కరెంటులో మంచి భాగం ఆ వడపోతే తినేస్తుంది. నీళ్లు తేరుకున్న వేసవిలోనేమో నది పాయల్లో వచ్చే నీరే ఉండదు, కోనసీమ కాలవల్లోకి ఉప్పునీరే ఎదురెక్కుతుంది. నీరున్నప్పుడు తేట లేదు, తేట ఉన్నప్పుడు నీరు లేదు. వైశాల్యం సంగతి ఇంకా ఉంది. చదరపు మీటరుకు ఒక వాటు చొప్పున ఒక్క మెగావాటు కావాలంటే 10 లక్షల చదరపు మీటర్ల పొర కావాలి, అంటే 247 ఎకరాలు. మన కేబీఆర్ పార్కులో సగానికి పైనే పరవచ్చు. చుట్టలు చుట్టి డబ్బాల్లో పెడతారనుకోండి, అయినా కొన్నాళ్లకోసారి అంత పొరనూ కడగాలి, మార్చాలి. గోదావరి సముద్రం పాలవుతున్న శక్తిని పట్టుకుంటామని రేపు ఏ నాయకుడైనా శంకుస్థాపన చేస్తే నేను చప్పట్లు కొట్టను.

తెలుగు నేల మీద దీనికి చోటే లేదా? ఫుకువోకా దారిలో ఉందని నా ఊహ. పటాన్‌చెరు, జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీల నుంచి విపరీతమైన ఉప్పుతో వ్యర్థజలం వస్తుంది. దాన్ని మరిగించి ఆవిరిచెయ్యడానికే కంపెనీలు బొగ్గు తగలేస్తున్నాయి. మూసీ వెంట మురుగు శుద్ధి కేంద్రాల నుంచి ఉప్పు తక్కువున్న నీరు రోజూ కోట్ల లీటర్లు బయటికి వస్తోంది. సముద్రం లేని హైదరాబాద్‌లో ఈ రెండూ ఉన్నాయి. మధ్యలో పెట్టాల్సిన పొర మీద పనిచేసే చెయ్యీ ఉంది. తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో పొరల శాస్త్రం ఏళ్ల తరబడి సాగుతోంది, ఫ్లోరైడ్ ఊళ్లకు నీటి శుద్ధి యంత్రాలు అక్కడినుంచి వెళ్లాయి. అయితే మందుల వ్యర్థంలో ఉప్పొక్కటే ఉండదు, పొరను కరిగించే ద్రావకాలు కూడా ఉంటాయి. ఒక చిన్న నమూనాకు డబ్బు పెట్టి, ఒక ఏడాది పాటు నడిపి, వచ్చిన కరెంటులోంచి పంపులకూ వడపోతకూ పోయింది తీసేసి చూస్తే గాని నిజం తేలదు. మరిగించాల్సిన ఉప్పునీరు పలచబడి బొగ్గు ఖర్చు మిగులుతుందని మాత్రం నాకు ఆశ లేదు. నీళ్లు చేరి పలచబడితే మరిగించాల్సిన నీరు పెరుగుతుంది. కాబట్టి నీళ్లు దాటని, అయాన్లు మాత్రమే దాటే పొరలే ఇక్కడ పనికొస్తాయి.

ఆ లైట్‌మన్ కుర్రాణ్ణి ఈ మధ్య కృష్ణానగర్ టీకొట్టు దగ్గర మళ్లీ చూశాను. ట్యాంకరు లెక్క చెప్పాను. 27 సెకన్లనగానే నవ్వి, "అయితే డీజిలే సార్" అన్నాడు. తమ్ముడు మళ్లీ ఇలాంటి వీడియో పంపితే మూడు సంగతులు అడగమన్నాను. కొలిచిన పొర ఎంత సైజుదని, ఎన్ని గంటలు నడిచిందని, పంపు తిన్న కరెంటు తీసేశారా అని. మీకూ అలాంటి వీడియో వస్తే అవే అడగండి.